జీన్ మారలేదు, ప్రొటీన్ మారింది: ఆక్టోపస్, ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ మీద ఒక సెమినార్ డౌటు

కొబ్బరాకు · శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. డిగ్రీ మూడో సంవత్సరం, జువాలజీ. వచ్చే గురువారం క్లాసులో సెమినార్ ఇవ్వాలి. ఆక్టోపస్ మీద చెబుదామని మొదలుపెట్టి ఇరుక్కుపోయాను. దాన్ని చల్లటి నీళ్లలో ఉంచితే మెదడులో కొన్ని ప్రొటీన్లు వేరే రకంగా తయారవుతాయట. జీన్లు మాత్రం అవే. మధ్యలో ఆర్‌ఎన్‌ఏ దగ్గర అక్షరాలు దిద్దుకుంటుందట. మాకు ఇంటర్‌లో డీఎన్‌ఏలో ఏముంటే ఆర్‌ఎన్‌ఏలో అదే వస్తుంది, ప్రొటీన్ దాన్నిబట్టే అని చెప్పారు. అది తప్పా?

రెండో డౌటు. ఆక్టోపస్ అంత తెలివైనది కావడానికి కారణం ఈ ఎడిటింగేనా? ఒక వీడియోలో అలాగే చెప్పారు. నమ్మేసి "ఆక్టోపస్ తెలివి రహస్యం" అని టైటిల్ కూడా ఇచ్చేశాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

జువాలజీ_మాష్టారు · శనివారం, రాత్రి 10.15

ఇంటర్‌లో చెప్పింది తప్పు కాదు బాబూ, సగం చెప్పారంతే. నేనూ ముప్పై ఏళ్లు అలాగే చెప్పాను.

మా చిన్నమ్మాయి పెళ్లికి ఐదొందల శుభలేఖలు వేయించాం. ప్రెస్సు నుంచి వచ్చాక చూస్తే ముహూర్తం టైములో ఒక అంకె తప్పు. ప్లేటు మళ్లీ చేయించే వ్యవధి లేదు. ఇంటిల్లిపాదీ హాల్లో చాప వేసుకుని పెన్నులతో దిద్దాం. అందులో వందో నూటయాభయ్యో దిద్దకముందే మా వియ్యంకుడు పట్టుకెళ్లి పంచేశాడు. కాబట్టి ప్లేటు ఒకటే, కార్డులు రెండు రకాలు. ప్లేటు డీఎన్‌ఏ, కార్డు ఆర్‌ఎన్‌ఏ, చాప మీద కూర్చున్న మేమంతా ఆడార్ అనే ఎంజైములం.

ఆ ఎంజైము చేసే పని చిన్నదే. ఆర్‌ఎన్‌ఏలో 'ఏ' అక్షరం, అంటే అడినోసిన్, నుంచి ఒక అమైనో గుంపు తీసేస్తుంది. అది ఇనోసిన్ అవుతుంది. ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ ఇనోసిన్‌ని 'జీ' అని చదువుకుంటుంది. ఒక్క అక్షరం మారితే ఒక అమైనో ఆమ్లం మారవచ్చు. ఆర్‌ఎన్‌ఏ తనమీద తాను మడతపడి జంట పేటలుగా ఉన్నచోటే ఆడార్ కూర్చుంటుంది, ఎక్కడపడితే అక్కడ కాదు. ఈ చర్యని కప్ప పిండాల్లో బ్రెండా బాస్, హెరాల్డ్ వైన్‌ట్రాబ్ 1988లో వివరించారు.

డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకడైన క్రిక్ చెప్పిన సెంట్రల్ డాగ్మాకి దీనివల్ల భంగమేమీ లేదు. సమాచారం ఒకసారి ప్రొటీన్‌లోకి వెళ్లాక వెనక్కి రాదన్నాడాయన. దారిలో ఎవరూ పెన్ను పట్టుకోరని అనలేదు.

స్టాక్‌ట్రేస్ · శనివారం, రాత్రి 10.32

సాఫ్ట్‌వేర్ వాణ్ని, బయాలజీ టెన్త్‌తో సరి. మాష్టారు చెప్పింది మా భాషలో హాట్‌ఫిక్స్. సోర్స్ కోడ్ ముట్టుకోకుండా నడుస్తున్నదాంట్లో మార్చడం. మా ఆఫీసులో ఇలా రెండేళ్లు నడిపితే, ఆ తర్వాత సోర్స్ తెరవాలంటేనే భయపడ్డారు. అందుకే అడుగుతున్నా: ప్రతిసారీ దిద్దాల్సిందే అయితే సోర్స్‌లోనే మార్చేసుకోవచ్చుగా? కోట్ల ఏళ్లు టైముంది కదా పరిణామానికి.

ఈగల_ల్యాబ్ · శనివారం, రాత్రి 11.05

స్టాక్‌ట్రేస్ గారి ప్రశ్న అసలైన ప్రశ్న. దానికి వేరేవాళ్లు చెబుతారు. నేను ఈగల సంగతి చెబుతాను. పండ్ల ఈగలతో పీహెచ్‌డీ చేస్తున్నా, నాలుగో ఏడు.

మనకి ఆడార్ జీన్లు మూడు. పండ్ల ఈగకి ఒక్కటే. అది పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో 2000లో రాబర్ట్ రీనన్ వాళ్లు ప్రచురించారు. ఈగ చావదు. గుడ్డు నుంచి వస్తుంది, పురుగవుతుంది, ప్యూపా కడుతుంది, రెక్కలతో బయటికొస్తుంది. లెన్స్ కింద పెడితే ఏ లోపమూ కనిపించదు. నడవమంటేనే తెలుస్తుంది.

మా దగ్గర ఆ రకం ఈగల సీసాలున్నాయి. మామూలు ఈగల సీసాని బల్లమీద టక్కున కొడితే అన్నీ అడుక్కి పడి, పది సెకన్లు తిరక్కుండా గోడ ఎక్కేస్తాయి. వీటిని కొడితే పడ్డచోటే ఉంటాయి. రెండు అడుగులు వేసి తూలుతాయి. అడుగున మొక్కజొన్న పిండి, ఈస్టు వేసి వండిన మేత జావలా ఉంటుంది, దాంట్లో కాళ్లు అంటుకుంటే ఇక లేవలేవు. అందుకే వాటికి మేత కొంచెం గట్టిగా వండుతాను, నీళ్లు తగ్గించి. వేడి తగిలితే పక్షవాతం వచ్చినట్టు పడిపోతాయి. ఊరికే కూర్చున్నప్పుడు కాళ్లతో కళ్లు, రెక్కలు తుడుచుకుంటూనే ఉంటాయి, ఆపవు. మగ ఈగ ఆడదాని వెనక తిరగదు, రెక్క ఆడించి పాట పాడదు. వయసు మీదపడేకొద్దీ మెదడులో ఖాళీలు పడతాయి.

అంటే శరీరం కట్టడానికి ఎడిటింగ్ లేకపోయినా నడిచిపోయింది, ప్రవర్తన మాత్రం పాడైంది. దిద్దేవాటిలో ఎక్కువభాగం నాడీకణాల సోడియం, కాల్షియం ఛానళ్లు, సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) దగ్గరి ప్రొటీన్లు కాబట్టి ఇది అర్థమయ్యే విషయమే.

కొబ్బరాకూ, సెమినార్‌లో ఒక బొమ్మ పెట్టు. ఒకే ఈగ డీఎన్‌ఏని, ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసిన సీడీఎన్‌ఏని పక్కపక్కన సీక్వెన్స్ చేస్తే, డీఎన్‌ఏ గ్రాఫులో ఆ చోట ఒకే ఆకుపచ్చ శిఖరం ఉంటుంది, అది 'ఏ'. సీడీఎన్‌ఏలో అదేచోట ఆకుపచ్చ కింద నల్లది ఇంకోటి లేస్తుంది, అది 'జీ'. రెండు శిఖరాల ఎత్తు చూస్తే ఎన్ని కార్డులు దిద్దారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ట్యూబులు కలిసిపోయాయనుకుని మళ్లీ చేశాను.

నెక్కర్_ఒడ్డు · ఆదివారం, తెల్లవారు 2.20

జర్మనీ నుంచి. హైడెల్‌బర్గ్‌లో ఉంటాను కాబట్టి మా ఊరి కథ నేను చెప్పాల్సిందే.

1991లో ఇక్కడ పీటర్ సీబర్గ్ బృందం ఎలుక మెదడులో గ్లుటమేట్ రిసెప్టర్లు, అంటే నాడీకణాల మధ్య సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లు, చూస్తోంది. వాటిలో ఒక రకం ఆంపా రిసెప్టర్, అందులో గ్లూఏ2 అనే ముక్క ఉంది. జీన్‌లో దాని ఒకచోట సీఏజీ అనే మూడక్షరాల కోడు, అంటే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం. మెదడులోని ఎంఆర్‌ఎన్‌ఏలో మాత్రం సీజీజీ, అంటే ఆర్జినిన్. ఆ జీన్ ఇంకో ప్రతి ఎక్కడో ఉందేమోనని వెతికారు, లేదు. ఆర్‌ఎన్‌ఏలోనే మారుతోంది. అదీ సగం సగం కాదు, దాదాపు నూటికి నూరు.

ఆ ఒక్క ఆర్జినిన్ ఛానల్ రంధ్రంలో కూర్చుంటుంది. దానికి ధనావేశం ఉంటుంది కాబట్టి కాల్షియం లోపలికి రాలేదు. గ్లుటమిన్ ఉంటే కాల్షియం జొరబడుతుంది, ఎక్కువైతే కణం చస్తుంది. ఆడార్2 తీసేసిన ఎలుక పిల్లలకి ఫిట్స్ వస్తాయి, ఇరవై రోజులు దాటకుండా పోతాయి.

ఇప్పుడు స్టాక్‌ట్రేస్ గారి ప్రశ్న. 2000లో హిగుచి వాళ్లు అదే చేశారు. ఆడార్2 లేని ఎలుకల్లో గ్లూఏ2 జీన్‌నే మార్చి, సోర్స్‌లోనే ఆర్జినిన్ రాసేశారు. ఎలుకలు బతికాయి. మామూలుగా పెరిగాయి. అంటే ఆ ఎంజైము దిద్దే ఎన్నో చోట్లలో, దిద్దకపోతే ప్రాణం తీసేది ఈ ఒక్కటే. సోర్స్‌లో మార్చితే సరిపోయేదన్నమాట. కొన్ని చేపల్లో నిజంగానే జీన్‌లోనే ఆర్జినిన్ ఉంది. మరి మనకెందుకు ఈ తిప్పలు? ఒప్పుకోదగ్గ జవాబు ఇప్పటికీ లేదు.

ఇంకో వింత. ఆ చోటుని మడతపెట్టి ఆడార్‌కి చూపించే జంట పేట పక్కనున్న ఇంట్రాన్‌లో ఉంది. తర్వాత కత్తిరించి పారేసే ముక్క అది. అంటే కత్తిరింపు కాకముందే దిద్దడం అయిపోవాలి.

స్టాక్‌ట్రేస్ · ఆదివారం, ఉదయం 7.10

పొద్దున్నే కాఫీతో చదివాను. ప్రాణం నిలబెట్టే హాట్‌ఫిక్స్‌కి కావాల్సిన లైను డిలీట్ అయ్యే కామెంటులో ఉంది! మా టీమ్ లీడ్‌కి పంపించా.

సున్నా_పరికల్పన · ఆదివారం, ఉదయం 9.45

లెక్కల మనిషిని, సీక్వెన్సింగ్ డేటాతో పని. నీళ్లు చల్లేవాడొకడు ఉండాలి కాబట్టి చెబుతున్నా.

2011లో 'సైన్స్'లో ఒక పెద్ద పేపర్ వచ్చింది. మనుషుల కణాల్లో డీఎన్‌ఏకీ ఆర్‌ఎన్‌ఏకీ తేడా ఉన్న చోట్లు పదివేలకు పైగా దొరికాయని, అన్ని రకాల మార్పులూ ఉన్నాయని. మరుసటి ఏడాదే అదే పత్రికలో మూడు విమర్శలు వచ్చాయి. చాలా తేడాలు, ఒకేలా ఉండే రెండు జీన్ల రీడ్లు (మెషిన్ చదివిన చిన్న ముక్కలు) తారుమారవడం వల్ల, రీడ్ చివర్లలో వచ్చే తప్పుల వల్ల పుట్టినవేనన్నాయి. కార్డు మీద సిరా మరక పడితే ముహూర్తం దిద్దారనుకున్నట్టు.

మనుషుల్లో నిజమైన ఎడిటింగ్ చోట్లు కోట్లలో ఉన్నమాట వాస్తవం. కానీ దాదాపు అన్నీ ఆలూ అనే రిపీట్లలో, అంటే జీనోమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కల్లో, ఉంటాయి, ప్రొటీన్‌కి సంబంధం లేనివి. ప్రొటీన్ మార్చేవాటిలో, పాలిచ్చే జంతువులన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి కొన్ని డజన్లే.

ఇక ఆక్టోపస్. మాష్టారి కార్డులతోనే చెబుతా. ఇంట్లో ఎప్పుడూ దిద్దేవాళ్లు ఉన్నారని తెలిస్తే ప్రెస్సువాడు ప్లేటులో తప్పుల్ని పట్టించుకోడు. తప్పులు పేరుకుపోతాయి. తర్వాత దిద్దేవాళ్లు మానేస్తే కొంప కొల్లేరు. అప్పుడు బయటివాడు చూసి "ఆహా, దిద్దడం వీళ్ల కుటుంబ ప్రతిభ" అంటాడు. మిషిగన్‌లో జియాన్‌జీ జాంగ్ వాళ్లు 2019లో చెప్పింది దాదాపు ఇదే: ఆక్టోపస్, స్క్విడ్‌లలో ప్రొటీన్ మార్చే ఎడిట్లలో ఎక్కువభాగం లాభం కోసం వచ్చినవి కావు, హానికర మార్పులు జీనోమ్‌లో నిలబడటానికి చోటిచ్చినవి.

ఈగల_ల్యాబ్ · ఆదివారం, ఉదయం 10.30

ఎక్కువభాగం అన్నది ఒప్పుకుంటా. అన్నీ అంటే ఒప్పుకోను. జాషువా రోజెన్‌తాల్, ఎలీ ఐజెన్‌బర్గ్ బృందం స్క్విడ్‌లో 57 వేలకు పైగా ప్రొటీన్ మార్చే చోట్లు 2015లో చూపించింది. 2017లో రెండు ఆక్టోపస్‌లు, ఒక స్క్విడ్, ఒక కటిల్‌ఫిష్ పోల్చితే నాలుగింటికీ ఉమ్మడిగా వెయ్యికి పైగా చోట్లు ఉన్నాయి. ఇవి విడిపోయి ఇరవై కోట్ల ఏళ్లు దాటింది. ఉపయోగం లేనివి అంతకాలం అక్కడే ఎందుకుంటాయి? పైగా ఆ చోట్ల చుట్టూ డీఎన్‌ఏ కూడా చాలా నెమ్మదిగా మారింది. మడత చెడితే ఎడిటింగ్ పోతుంది కాబట్టి.

సున్నా_పరికల్పన · ఆదివారం, ఉదయం 10.52

వెయ్యి ఇచ్చేస్తున్నా. 56 వేలు నా దగ్గరే ఉంచుకుంటా. :)

ఉప్పుగాలి · ఆదివారం, మధ్యాహ్నం 1.15

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సరుకు కొనే పని నాది. స్క్విడ్, కటిల్‌ఫిష్ రోజూ చేతుల్లోంచి వెళ్తాయి. పడవ నుంచి దించగానే ఇంకా బతికున్నవాటి ఒంటిమీద గోధుమరంగు చుక్కలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, సీరియల్ బల్బుల్లాగా. ఐసు వేసినా కాసేపటిదాకా ఆగవు. ఇన్నేళ్లు వాటిని కిలోల లెక్కన తప్ప చూడలేదు. మా సముద్రంలో వాటికీ ఈ దిద్దుడు ఉంటుందా? అది మరీ చల్లటి సముద్రం కాదు కదా.

ఈగల_ల్యాబ్ · ఆదివారం, మధ్యాహ్నం 2.00

ఉంటుందనే అనుకోవాలి అన్నా. ఆక్టోపస్, స్క్విడ్, కటిల్‌ఫిష్ ఏది చూసినా ఉంది. వాటి దూరపు చుట్టం నాటిలస్‌లో మాత్రం చాలా తక్కువ. గవ్వలో ఉండే పాతకాలపు జీవి అది. వీడియోవాళ్లు తెలివికి ముడిపెట్టేది అందుకే: తెలివైనవాటికి ఉంది, మందకొడి దానికి లేదు అని. అయితే రెండు గుంపుల మధ్య తేడా ఇదొక్కటే కాదుగా. ఒకదానికి గవ్వ ఉంది, ఇంకోదానికి లేదు. గవ్వ పోవడమే తెలివికి కారణం అనొచ్చా?

ఉప్పుగాలి · ఆదివారం, మధ్యాహ్నం 2.08

కటిల్‌ఫిష్‌కి గవ్వ లోపల ఉంటుందమ్మా. లవ్‌బర్డ్స్ పంజరంలో వేలాడదీస్తారే, తెల్లటి ముక్క, అదే. ఆయుర్వేదం షాపులో సముద్రఫేనం అని అమ్ముతారు.

నెక్కర్_ఒడ్డు · ఆదివారం, మధ్యాహ్నం 3.30

ఉప్పుగాలి గారు అడిగిన చలి సంగతికి రెండు ప్రయోగాలు. కొబ్బరాకు వీటిని విడివిడిగా చెప్పాలి, కలిపేస్తే చెడుతుంది.

మొదటిది 2012, గారెట్, రోజెన్‌తాల్. అంటార్కిటిక్ ఆక్టోపస్‌నీ ఉష్ణమండలపు ఆక్టోపస్‌నీ తీసుకుని పొటాషియం ఛానల్ పోల్చారు. నాడీకణం ఒకసారి సంకేతం పంపాక మళ్లీ మామూలు స్థితికి తెచ్చే గేటు అది. చలిలో గేట్లన్నీ నెమ్మదిస్తాయి కాబట్టి జీన్లోనే తేడా ఉంటుందనుకున్నారు. జీన్ల నుంచి నేరుగా వచ్చిన ఛానళ్లు రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. ఎడిటింగ్ దగ్గర దొరికింది తేడా. ఒక ఐసోల్యూసిన్ వేలిన్‌గా మారితే గేటు త్వరగా మూసుకుంటుంది. ఆ మార్పు అంటార్కిటిక్ రకంలో దాదాపు పూర్తిగా ఉంది, ఉష్ణమండలపు రకంలో బాగా తక్కువ. ఇది జాతికీ జాతికీ తేడా.

రెండోది 2023. కాలిఫోర్నియా తీరపు ఆక్టోపస్‌లని 22 డిగ్రీల తొట్టిలో కొన్ని, 13 డిగ్రీల తొట్టిలో కొన్ని ఉంచారు. ఒకే జాతి. చల్లటి తొట్టిలో 13 వేలకు పైగా చోట్ల ఎడిటింగ్ మారింది, దాదాపు అన్నిచోట్లా పెరిగింది. మార్పు గంటల్లోనే మొదలైంది, కొద్దిరోజుల్లో నిలదొక్కుకుంది. సముద్రంలో వేసవిలో, చలికాలంలో పట్టినవాటిలోనూ అలాంటి తేడాయే కనిపించింది. కైనేసిన్ అని కణం లోపల సరుకు మోసే ప్రొటీన్ ఉంది, ఆక్సాన్ (నాడీకణపు పొడవాటి తీగ) పొడవునా మూటలు లాక్కెళ్లే కూలీ. ఎడిట్ వల్ల దాని నడక మారింది. సినాప్స్ దగ్గర సంకేత రసాయనాన్ని విడుదల చేయించే సినాప్టోటాగ్మిన్ అనే ప్రొటీన్‌లో కాల్షియం పట్టుకునే తీరు మారింది. 13 వేలలో ఇలా పని మారిందని చేతితో పరీక్షించి చూపినవి మాత్రం ఈ రెండులాంటివే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సున్నా_పరికల్పన · ఆదివారం, మధ్యాహ్నం 3.41

ఆ చివరి వాక్యాన్ని స్లైడ్ మీద పెద్ద అక్షరాల్లో పెట్టమ్మా, లేదా బాబూ. చల్లబడితే ఆర్‌ఎన్‌ఏ మడత గట్టిపడుతుంది, ఆడార్‌కి పట్టు దొరుకుతుంది. అంతమాత్రానికే చాలాచోట్ల ఎడిటింగ్ పెరగవచ్చు. శీతాకాల నిద్రలో ఉండే నేల ఉడుతల మెదడులో కూడా ఒళ్లు చల్లబడ్డప్పుడు పెరిగిందని 2018లో చూశారు. ఉడుత తెలివి రహస్యం అని ఎవరూ వీడియో చేయలేదు.

పులిహోర_పొట్లం · ఆదివారం, సాయంత్రం 6.20

సైన్సు పెద్దగా తెలియదు, చదువుతూ వచ్చాను. మా అక్క కొడుకుకి ఆరేళ్లు, ఫిట్స్ ఉన్నాయి, మందులు వాడుతున్నాం. ఎలుకలకి ఫిట్స్ వస్తాయని, జీన్ మారిస్తే బతికాయని రాశారు. మా వాడికి ఇలాంటిది ఏమైనా ఉందా?

నెక్కర్_ఒడ్డు · ఆదివారం, సాయంత్రం 7.05

అక్కా, ముందుగా ఒకటి. ఫిట్స్‌కి కారణాలు వందల రకాలు. ఆడార్2 జీన్ రెండు ప్రతులూ చెడి పిల్లల్లో తీవ్రమైన మూర్ఛ వచ్చిన సందర్భాలు 2020 నుంచి నమోదయ్యాయి, కానీ అవి చాలా చాలా అరుదు. మీ వాడిది అదేనని అనుకోవద్దు. ఎలుక పుట్టకముందే జీన్ మార్చడం మనిషికి చేసేది కాదు.

మందుగా వాడే ప్రయత్నం మాత్రం మొదలైంది. మన కణాల్లోనే ఉన్న ఆడార్‌ని చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కతో కావలసిన చోటికి పిలిచి దిద్దించడం. 2024 అక్టోబరులో వేవ్ లైఫ్ సైన్సెస్ అనే కంపెనీ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం ఉన్న ఇద్దరిలో ఇది పనిచేసిన ఫలితాలు ప్రకటించింది. అది కాలేయానికి సంబంధించింది. కాలేయానికి మందు చేర్చడం తెలుసు, మెదడుకి చేర్చడమే పెద్ద అడ్డంకి. ఇప్పుడున్న మందులు ఒక్కపూట కూడా మానకండి. జన్యు పరీక్ష అవసరమా అన్నది పిల్లల న్యూరాలజిస్టుని అడగండి.

పులిహోర_పొట్లం · ఆదివారం, సాయంత్రం 7.12

అలాగే అండి. సూటిగా చెప్పారు, థాంక్స్.

స్టాక్‌ట్రేస్ · ఆదివారం, రాత్రి 8.30

ఈగ సరే, ఆక్టోపస్ సరే. ఎలుకలాంటి జంతువులో బతకడం, చావడం కాకుండా ప్రవర్తన మారిన ఉదాహరణ ఉందా?

జువాలజీ_మాష్టారు · ఆదివారం, రాత్రి 9.10

ఉంది. సెరటోనిన్ 2సీ రిసెప్టర్. అందులో దగ్గరదగ్గరగా ఐదు చోట్లు దిద్దబడతాయి, కలయికలు లెక్కేస్తే 24 రకాల ప్రొటీన్లు. ఈ రిసెప్టర్‌లో ఎడిటింగ్ ఉందని రోనాల్డ్ ఎమెసన్ వాళ్లు 1997లో చూపించారు. ఎక్కువ దిద్దినకొద్దీ సెరటోనిన్‌కి స్పందన తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్ తిప్పినట్టు. పూర్తిగా దిద్దిన రకం ఒక్కటే తయారయ్యేలా ఎలుకల్ని చేస్తే, అవి తెగ తింటాయి, అయినా బక్కగానే ఉంటాయి. తిండి మీద యావా, ఒంట్లో ఖర్చూ రెండూ పెరిగాయి. గ్లూఏ2లా ఇక్కడ సోర్స్‌లో ఒక రకాన్ని రాసేస్తే కుదరదు. అన్ని రకాలూ ఏదో ఒక పాళ్లలో కావాలి. స్టాక్‌ట్రేస్ అడిగిన "సోర్స్‌లోనే మార్చొచ్చుగా"కి కనీసం ఈ ఒక్కచోట జవాబు దొరికినట్టే.

కొబ్బరాకు · ఆదివారం, రాత్రి 10.50

అందరికీ చాలా థాంక్స్. స్లైడ్లన్నీ మళ్లీ చేస్తున్నాను. ఈగ సీసాతో మొదలుపెట్టి, గ్లూఏ2కి వచ్చి, చివర్న ఆక్టోపస్. 57 వేల పక్కనే "పరీక్షించినవి ఎన్ని?" అని రాస్తున్నా. టైటిల్‌లో తెలివి అన్నమాట తీసేశాను. మా మేడమ్‌కి ఇచ్చిన కాగితం మీద పెన్నుతో కొట్టేసి పక్కన "నాడీ వ్యవస్థలో ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్" అని రాయాలి, ఇంకో ప్రింటు తీసే టైం లేదు.

మాష్టారూ, శుభలేఖల ఉదాహరణ వాడుకోవచ్చా?

జువాలజీ_మాష్టారు · ఆదివారం, రాత్రి 11.02

వాడుకో. వియ్యంకుడి ప్రస్తావన మాత్రం తీసెయ్. వాళ్ల తమ్ముడి కూతురు మీ కాలేజీలాంటి చోటే ఎక్కడో చదువుతోంది.